ఉప్పు కొటార్లలో ఈ ఎర్రమచ్చల పిట్ట ఏంది? యాప్ ఒకటంటుంది, గ్రూపు ఇంకొకటంటుంది

పెన్నా_ఒడ్డు
ఇసకపల్లి ఉప్పు కొటార్ల దగ్గర నిన్న పొద్దున తీసిన ఫోటోలు కింద పెట్టాను. పిట్ట గోరింక కంటే కాస్త చిన్నది. నల్లటి పొడుగు ముక్కు, కిందికి వంపు. కాళ్లూ నలుపే. వీపు బూడిద రంగు. రొమ్ము నుంచి పొట్ట దాకా ఇటుక రంగు మచ్చలు, మధ్యమధ్యలో తెలుపు. యాప్ డన్లిన్ అంటుంది. వాట్సాప్ గ్రూపులో ఒకాయన కర్లూ శాండ్‌పైపర్ అన్నారు. ఇంకొకాయన "ఆగస్టులో వలస పిట్టలు యాడొస్తాయి, అవి కార్తీకంలో కదా వచ్చేది, ఇది ఇక్కడే ఉండే ఉల్లంకి పిట్టే" అని కొట్టిపారేశారు. పుస్తకం తీస్తే ఒక బొమ్మలో పిట్ట మొత్తం ఎరుపు, పక్క బొమ్మలో మొత్తం బూడిద. నాది ఆ రెండిట్లో ఏదీ కాదు. ఈ నెలలో కొటార్లకి పోయినప్పుడల్లా ఇదే తంతు. ఫోటో బాగానే వస్తుంది, పేరు తేలదు. మీరంతా ఎట్ల తేల్చుకుంటారు?

నల్లచంక
రెండు బొమ్మల మధ్యలో ఉంది కాబట్టే అది ఆగస్టు పిట్ట. పుస్తకంలో పెద్దగా వేసేది జతకట్టే కాలపు రంగు, చలికాలపు రంగు. ఇప్పుడు మన తీరాన దిగేవి ఆ ఎరుపు ఈకలు రాల్చుకుంటూ బూడిద ఈకలు వేసుకుంటున్న పెద్ద పిట్టలు. అందుకే మచ్చలు మచ్చలుగా కనబడతాయి.

నా ఓటు కర్లూ శాండ్‌పైపర్‌కి. మెడ, కాళ్లు ఎంత పొడుగున్నాయో చూడండి. డన్లిన్ మెడ లేనట్టు ముడుచుకుని, పొట్టిగా నిలబడుతుంది. దానికి ఈ రోజుల్లో మిగిలితే పొట్ట మీద నల్ల మచ్చ మిగలాలి, ఎరుపు కాదు. ఎగిరేటప్పుడు తీసిన ఫోటో ఒక్కటన్నా ఉందా?

లెన్స్‌బాబు
నాకు డన్లిన్‌లాగే ఉంది. రెండో ఫోటోలో ముక్కు సగం దాకా తిన్నగా వచ్చి చివర్లో వంగింది. కర్లూకి వంపు మొత్తం ముక్కంతా సాగుతుంది. యాప్ కూడా అదే చెప్పింది కదా.

కావలి_డాక్టరమ్మ
యాప్‌కి ఊరు, తేదీ ఇచ్చారా, గ్యాలరీలోంచి వట్టి ఫోటో ఇచ్చారా? మెర్లిన్ యాప్‌కి ఆ రెండూ ఇస్తే, ఆ చోట ఆ రోజుల్లో జనం ఈబర్డ్‌లో (చూసిన పిట్టల జాబితాలు వేసే సైట్) నమోదు చేసిన పిట్టల్ని లెక్కలోకి తీసుకుని చెబుతుంది. అవి ఇవ్వకపోతే ఫోటో ఒక్కటే దానికి ఆధారం. డన్లిన్ దక్షిణాదిలో అరుదు. అరుదైన పేరు వచ్చినప్పుడు, మామూలుగా దొరికే పిట్ట కాదని పూర్తిగా తేలాకే అటు పోవాలి. లెన్స్‌బాబు గారూ, ఆ రెండో ఫోటోలో పిట్ట తల కొంచెం మనవైపు తిప్పింది. అట్లా తిప్పినప్పుడు ఏ వంపూ సరిగ్గా తెలియదు.

ఒంగోలు_గిత్త
"ఆగస్టులో యాడొస్తాయి" అన్నాయన్ని ఒకసారి మా కొత్తపట్నం తీసుకురండి. జూలై ఆఖరుకే కామన్ శాండ్‌పైపర్ కాలవ గట్టున తోక ఊపుకుంటా తిరుగుతుంటుంది. వినాయక చవితి లడ్డూ వేలం పాట మొదలయ్యేలోపు సగం దండు దిగిపోతుంది. వాటికి పందిరి వెయ్యడమే తక్కువ.

పెన్నా_ఒడ్డు
ఎగిరేది ఒకటుంది కానీ బాగా రాలేదని పెట్టలేదు. పిట్ట సగం ఫ్రేము దాటి పోయింది, తల కూడా లేదు. ఇదిగో పెడుతున్నా.

నల్లచంక
ఇదే కావాల్సింది! వీపు కింద, తోక మొదలయ్యే చోట చూడండి, అడ్డంగా శుభ్రంగా తెలుపు. డన్లిన్‌కి ఆ తెలుపుని నడిమధ్య నిలువుగా నల్లగీత చీలుస్తుంది, రెండు పక్కలే తెల్లగా కనబడతాయి. ఇక్కడ గీత లేదు. కర్లూ శాండ్‌పైపర్. తల లేని ఈ ఫోటోనే మిగతావాటన్నిటికంటే ఎక్కువ చెప్పింది. దయచేసి ఇలాంటివి డిలీట్ చెయ్యొద్దు. ఆల్బమ్‌కి పనికిరానిది పేరు తేల్చడానికి పనికొస్తుంది.

లెన్స్‌బాబు
తోక ఫోటో చూశాక నేనూ కర్లూ వైపే. కానీ ఒక మాట. ఇంకా దగ్గరికి పోయి తీసుంటే ముక్కు వంపుతోనే తేలిపోయేది, ఇంత చర్చ అక్కర్లేదు. ఆరొందల ఎం.ఎం. లెన్స్ వేసుకుని గట్టు మీద పాక్కుంటూ పోతే పదిహేను అడుగుల దాకా పోవచ్చు.

కొటారు_కట్ట
పదిహేను అడుగులా? మేము ఆ కట్టల మీదే పని చేస్తాం. ఉప్పు లాగేవాళ్లు పక్కన పోతుంటే పిట్టలు లేవవు, మమ్మల్ని రోజూ చూస్తాయి, మా నడక వాటికి తెలుసు. వొంగి వొంగి దొంగచూపులతో వచ్చే మనిషిని చూస్తే మాత్రం మొత్తం దండు లేచిపోతుంది. ఒక్కరి ఫోటో కోసం అన్నీ లేస్తాయి.

ఇంకోటి. ఉప్పు తేలే మడుల దగ్గర కూర్చుంటే మీకు పిట్ట దొరకదు. ఆ నీళ్లలో వాటికి తిండి లేదు. సముద్రపు నీళ్లు ముందుగా పట్టి నిలవబెట్టే పెద్ద మడులుంటాయి, అక్కడ బురద మెత్తగా ఉండి పురుగు ఉంటుంది. ఆ అంచున కదలకుండా కూర్చోండి, అవే మీ దగ్గరికి వస్తాయి.

కందుకూరు_మాస్టారు
కొటారు_కట్ట చెప్పినదాన్ని కొత్తవాళ్లు రెండుసార్లు చదవాలి. ఇది మర్యాదకు సంబంధించిన సంగతి మాత్రమే కాదు. ఈ పిట్ట సైబీరియా ఉత్తరపు అంచున, టండ్రాలో పిల్లల్ని లేపి అక్కడి నుంచి వచ్చింది. దారిలో ఒంట్లో కొవ్వంతా కరిగిపోయింది. దిగీ దిగగానే ఈకలు మార్చుకోవడం మొదలుపెట్టింది, దానికీ తిండే కావాలి. అలాంటప్పుడు గంటలో నాలుగుసార్లు లేపితే అది తినాల్సిన సమయం, దాచుకోవాల్సిన బలం రెండూ పోతాయి. దానికి ఆ మడి అన్నం తినే చోటు, మనకి స్టూడియో కాకూడదు.

"కార్తీకంలో కదా" అన్న మాట గురించి. అది బాతులకీ, పులికాట్ రాజహంసలకీ, నేలపట్టు గూడబాతులకీ చాలావరకు సరిపోతుంది. అక్కడ నీళ్లు నిండేది అక్టోబరు తర్వాత ఈశాన్య రుతుపవనాలతో కాబట్టి సందడి కూడా అప్పుడే. జనం చూడటానికి పోయేదీ అప్పుడే. బురదలో ముక్కు పొడుచుకుని తినే ఈ ఉల్లంకి జాతులకి నిండిన చెరువు పనికిరాదు, ఎండుతున్న చెరువు కావాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆగస్టులో ఎండ ఇంకా మాడుస్తూనే ఉంటుంది, చెరువులు అడుగంటి బురద బయటపడి ఉంటుంది. వాటికి అదే సరైన అదను. కర్లూ శాండ్‌పైపర్‌లో మగవి గుడ్లు పొదగవు, పిల్లల్ని సాకవు, జూలై మొదట్లోనే అక్కడ బయల్దేరతాయి. వెనక ఆడవి, వాటి వెనక ఆ ఏడు పుట్టిన పిల్లలు. ఆ పిల్లలకి దారి చూపించే పెద్దలు పక్కన ఉండరు.

సింగరాయకొండ_సుధ
పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలి మాస్టారూ? సెప్టెంబరులో నాకు అన్నీ ఒకేలా కనబడతాయి.

కందుకూరు_మాస్టారు
వీపు చూడమ్మా. పిల్లల వీపు మీద ప్రతి ఈకకీ సన్నటి లేత అంచు ఉంటుంది, దాంతో వీపంతా పొలుసులు పేర్చినట్టు నీటుగా కనబడుతుంది. రొమ్ము లేత గోధుమ రంగు. పెద్దవి ఇప్పుడు అరిగిపోయిన ఈకలతో, మధ్యమధ్యలో కొత్తవాటితో అతుకుల బొంతలా ఉంటాయి. రెక్క విప్పినప్పుడు ఈకల మధ్య ఖాళీ కనబడితే అది రెక్క ఈకలు మార్చుకుంటున్న పెద్దది.

బకింగ్‌హామ్_కాలవ
మరి నేను జూన్‌లో కూడా గంగపట్నం దగ్గర ఇలాంటి బూడిద పిట్టల్ని చూశాను. అప్పుడు ఏం వలస?

నల్లచంక
అవి వెళ్లకుండా ఉండిపోయినవి. వీటిలో చాలా జాతుల్లో ఏడాది పిట్టలు మొదటి ఎండాకాలం ఉత్తరానికి పోవు, ఇక్కడే గడిపేస్తాయి. వాటికి ఎరుపు రంగు కూడా సరిగ్గా రాదు. అందుకే జూలై, ఆగస్టుల్లో మచ్చలున్న పిట్ట కనబడితే అది కొత్తగా దిగిందని చెప్పడానికి అదొక ఆనవాలు.

లెన్స్‌బాబు
సరే, దగ్గరికి పోవద్దు. మరి ఫోటో ఎలా? తొమ్మిదింటికి తీసినవన్నీ నీళ్లలో ముంచినట్టు వస్తున్నాయి. ఫోకస్ మీద అనుమానమొచ్చి లెన్స్ సర్వీసుకి కూడా ఇచ్చాను, ఏమీ లేదన్నారు.

కావలి_డాక్టరమ్మ
అది లెన్స్ తప్పు కాదు, నేల మీంచి లేచే వేడిగాలి. కొటార్లలో ఇంకా ఎక్కువ. ఎంత ఖరీదు లెన్సయినా ఆ గాలి గుండానే చూడాలి. తెల్లవారి వెలుతురు పడిన దగ్గర్నుంచి ఎనిమిది లోపు ముగించుకోండి, లేదా సాయంత్రం పోండి.

మన తీరంలో ఇంకో చిక్కు. సముద్రం తూర్పున ఉంది. పొద్దున రోడ్డు వైపు నుంచి కొటార్లలోకి నడిస్తే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, పిట్ట నల్లగా నీడలా వస్తుంది, కాళ్ల రంగు కూడా తెలియదు. పొద్దున సముద్రం వైపు కట్ట మీదికి చేరి, వీపు సముద్రానికి పెట్టి పడమరకి తియ్యాలి. సాయంత్రం రోడ్డు వైపు నుంచే తియ్యొచ్చు.

పెన్నా_ఒడ్డు
నాది నికాన్ పీ950 కెమెరా. తెల్లటి ఉప్పు వెనక ఉంటే పిట్ట చీకటైపోతుంది. ఏం చెయ్యాలి?

కావలి_డాక్టరమ్మ
ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ వైపు ఒక స్టాప్ దాకా పెంచి చూడండి. అదే కొంగ లాంటి తెల్ల పిట్ట నల్ల నీళ్ల మీద ఉంటే మైనస్ వైపు తగ్గించాలి. ఎగిరేవాటికి షట్టర్ 1/2000 పెట్టి ఐఎస్ఓ ఆటోలో వదిలేయండి. ఫోటోలో గింజలు (నాయిస్) కనబడినా పర్లేదు, తోక గీత కనబడాలి. ఇంటికి రాగానే కెమెరాని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఆ ఉప్పుగాలి వదిలిపెట్టదు.

కొత్తపట్నం_అల
పోటు చూసుకుని పోతే సగం కష్టం తగ్గుతుంది. పాటు మీద పిట్టలన్నీ ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బురదలో చెదిరిపోయి మేస్తుంటాయి, ఒక్కటీ అందదు. పోటు ఎక్కి బురద మునగగానే గుంపులు గుంపులుగా లేచి కొటార్లకీ, రొయ్యల గుంటల గట్లకీ వస్తాయి. పోటు ప్రతిరోజూ ముందురోజు కంటే ముప్పావు గంట, ఇంకాస్త ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమికి ఎక్కువ ఎక్కుతుంది. వేటకి పోయే ఎవరినడిగినా చెబుతారు.

ఎడగారు_రైతు
సముద్రం దాకా పోలేని వాళ్లు మా పొలాలకి రండి. ఎడగారు వరి (ఎండాకాలంలో వేసే రెండో పంట) కోసిన మడుల్లో తడి ఆరకముందు ఉల్లంకిలు బాగా దిగుతాయి. వాటిలో రెండు రకాలున్నాయని మా అబ్బాయి అంటాడు, నాకైతే తేడా తెలియదు.

నల్లచంక
మీ అబ్బాయి చెప్పింది నిజం. పొలంలో గుంపుగా ఉండేది ఎక్కువగా వుడ్ శాండ్‌పైపర్. కంటి మీద తెల్లగీత కన్ను దాటి వెనక్కి పోతుంది, వీపు మీద తెల్ల చుక్కలు బాగా కనబడతాయి, కాళ్లు పసుపు కలిసిన రంగు. కాలవ మూల ఒంటరిగా ఉండి, ఒక్కసారిగా అరుస్తూ లేచేది గ్రీన్ శాండ్‌పైపర్. తెల్లగీత కంటి దగ్గరే ఆగిపోతుంది. లేచినప్పుడు రెక్క అడుగు నలుపు. వుడ్‌కి రెక్క అడుగు లేత రంగు. ఈ రెండింటికీ రెక్క అడుగు కనబడేలా ఒక ఫోటో పడితే ఇంక చర్చే ఉండదు.

ఒంగోలు_గిత్త
ఆయన పేరే నల్లచంక, రెక్క కింద చూడకుండా వదలడు!

నల్లచంక
ఆ పేరు గ్రే ప్లవర్‌ది గిత్తా. ఎగిరితే చంకలో నల్లగా ఉంటుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్‌కి ఉండదు. ఈ నెలలో రెండిటికీ పొట్ట మీద నలుపు మిగిలి ఉంటుంది కాబట్టి నిలబడినప్పుడు తికమక పెడతాయి, లేస్తే చంక చెప్పేస్తుంది.

పెన్నా_ఒడ్డు గారూ, మీ మూడో ఫోటో పెద్దది చేసి చూశాను. వెనక వరసలో ఎడమ నుంచి రెండో పిట్ట. కాలి పైభాగాన ఏదో ఉంది. బురద కాదు, అంచు తిన్నగా ఉంది. ఆ చోట ఇంకేమైనా తీశారా?

పెన్నా_ఒడ్డు
ఇప్పుడే కార్డు మొత్తం చూశా. అదే పిట్ట ఇంకో రెండిట్లో ఉంది. కాలికి చిన్న జెండాలాంటి ప్లాస్టిక్ ముక్క, రెండో కాలికి లోహపు కడియం. జెండా మీద అక్షరాలున్నాయి, ఒకటి స్పష్టంగా ఉంది, రెండోది సగం. నాకు చేతులు వణుకుతున్నాయి.

కందుకూరు_మాస్టారు
చాలా మంచి దొరుకు! అది ఎవరో పరిశోధకులు పట్టి, కట్టి వదిలిన పిట్ట. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు తమిళనాడు కోడిక్కరైలో ఎన్నో ఏళ్లుగా ఈ పని చేస్తున్నారు. వేరే దేశంలో కట్టింది కూడా అయ్యుండొచ్చు, జెండా రంగుని బట్టి ఏ దేశమో తెలుస్తుంది. ఫోటోని కత్తిరించకుండా, రంగులు మార్చకుండా అసలు ఫైలు వాళ్లకి పంపండి. జెండా రంగు, పిట్టకి కుడి కాలా ఎడమ కాలా, మోకాలి పైనా కిందా, కనబడిన అక్షరం, తేదీ, చోటు రాయండి. సగం అక్షరాన్ని ఊహించి పూరించొద్దు, సగమే కనబడిందని రాయండి.

లెన్స్‌బాబు
ఆరొందల లెన్స్ ఉంది నా దగ్గర. రేపు వస్తా, కట్ట మీదే కూర్చుంటా, లేపను. రెండో అక్షరం తియ్యడానికి ప్రయత్నిద్దాం.

కొటారు_కట్ట
రండి. ఏ మడి దగ్గరో నేను చూపిస్తా. బండి మాత్రం రోడ్డు దగ్గరే పెట్టండి.

కొత్తపట్నం_అల
ఇంత మాట్లాడుకుంటున్నాం, రొయ్యల గుంటల మీద కట్టే దారాల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కంటికి కనబడని సన్నటి ప్లాస్టిక్ దారం గుంట మీద అడ్డదిడ్డంగా కడుతున్నారు. పోయిన వారం ఒక పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ రెక్క దాంట్లో చుట్టుకుని వేలాడుతుంటే కోసి విడిపించాను. రెక్క మడమ దగ్గర తోలు ఊడి ఎముక కనబడింది. ఎగరలేదు. అంత దూరం నుంచి వచ్చి మన గుంట మీద చిక్కుకోవడం నాకు మింగుడు పడట్లేదు.

గుంటల_బుజ్జి
మా బాధ కూడా వినండన్నా. నీటికాకులు, కొంగలు గుంటలో పడితే రొయ్య మిగలదు. జబ్బు రొయ్యని ఒక గుంటలో ఎత్తి ఇంకో గుంటలో పడేస్తాయి, వైరస్ పాకితే అప్పులోళ్లు ఇంటి ముందు కూర్చుంటారు. దారం కట్టకుండా ఎట్ల?

కొత్తపట్నం_అల
కట్టొద్దు అనట్లేదు తమ్ముడూ. కనబడేటట్టు కట్టమంటున్నా. దారానికి అక్కడక్కడ రంగు రిబ్బను, పాత గుడ్డముక్క కడితే గాలికి ఊగుతుంది, పిట్ట చూసి తప్పుకుంటుంది. నీ రొయ్య తినే నీటికాకి కూడా అది చూసే భయపడుతుంది. గట్టు బురదలో తిరిగే ఈ చిన్న పిట్టలు పురుగులు ఏరుకుంటాయి, గుంటలో మునిగి రొయ్య పట్టవు.

గుంటల_బుజ్జి
రిబ్బను ఖర్చేం లేదులే, కూలీ దొరకాలి. మా రెండు గుంటలకి ముందు కట్టి చూస్తా. మా పక్క గుంటల వాళ్ల మాట నేను చెప్పలేను.

సూళ్లూరుపేట_సైకిల్
నేలపట్టు, పులికాట్‌కి ఇప్పుడు రావొచ్చా అని నాకు చాలా మెసేజ్‌లు వస్తున్నాయి. ఇప్పుడు రాకండి. చెరువులో నీళ్లు లేవు, గూడబాతులు వానలు పడ్డాక గూళ్లు మొదలుపెడతాయి. శ్రీహరికోటకి పోయే షార్ రోడ్డులో ఎండిన నేలే ఎక్కువ కనబడుతుంది. అన్నట్టు 2022 నుంచి మేము తిరుపతి జిల్లా, ఈబర్డ్‌లో జాబితా వేసేటప్పుడు చూసుకోండి.

బకింగ్‌హామ్_కాలవ
కాగితం మీద ఏ జిల్లా అయినా మాకు మీరు నెల్లూరోళ్లే!

పెన్నా_ఒడ్డు
ఒక్కటి మిగిలింది. ఐదో ఫోటోలో గుండ్రటి తల, పొట్టి ముక్కు పిట్ట. లెసర్ శాండ్ ప్లవరా, గ్రేటరా? కాళ్లు పసుపుగా ఉన్నాయని గ్రేటర్ అనుకుంటున్నా.

కావలి_డాక్టరమ్మ
ఆ కాళ్లకి బురద అంటింది, రంగు నమ్మొద్దు. ముక్కు పొడుగు చూడండి, తల కంటే బాగా చిన్నదే. లెసర్. దాన్ని కూడా 2023లో ఈబర్డ్‌లో సైబీరియన్, టిబెటన్ అని రెండు జాతులుగా విడదీశారు. మన తీరంలో ఎక్కువ టిబెటన్.

నల్లచంక
నేను అంత ధైర్యం చెయ్యను. ముక్కు చివర మందంగా ఉంది, పైగా పిట్ట ఒంటికాలి మీద ముడుచుకుని ఉంది, ఒంటి కొలత తెలియట్లేదు. ఈబర్డ్‌లో జాతి తేల్చకుండా శాండ్ ప్లవర్ అని మాత్రమే నమోదు చేసే వీలుంది, అదే ఎంచుకోండి.

కావలి_డాక్టరమ్మ
మందం సంగతి నేను ఒప్పుకోను, అది ముక్కుకంటిన బురదే. రేపు లెన్స్‌బాబు గారు పోతున్నారు కదా, అది పరిగెత్తేటప్పుడు పక్క నుంచి ఒకటి తీసుకురమ్మనండి.

లెన్స్‌బాబు
జెండా పిట్ట, శాండ్ ప్లవర్, రెండూ రాసుకున్నా. రేపు పోటు ఎన్నింటికి, అల గారూ?

కొత్తపట్నం_అల
మా రేవుకీ మీ రేవుకీ కాస్త తేడా ఉంటుంది. కృష్ణపట్నం పోటు పట్టిక చూసుకుని, పోటు నిండటానికి గంట ముందే కట్ట మీద కూర్చోండి.